ప్రమాదము – ఏమరుపాటు

పోయిన నెల మన సంఘం భోజనాల నాడు, చేతులు కడుక్కునే చోట ఒక సోదరి నన్ను నిలదీశారు. "అన్నయ్యగారూ, మీరు ఆదివారాలు నీళ్ళలో మునగడానికి వెళతారట గదా! పెళ్ళీడుకొచ్చిన పిల్లలున్న మనిషి, ఈ వయస్సులో ఈ సరదా ఏమిటండీ? వదినగారు ఎలా ఒప్పుకున్నారు?" అన్నారు. పక్కనున్నవారు నవ్వారు. నేనూ నవ్వి, "భయమేమీ లేదమ్మా, దిగే ముందు అన్నీ కాగితం మీద వ్రాసుకొనే దిగుతాం" అన్నాను. ఆమె వెంటనే, "భయం లేకపోతే వ్రాసుకోవడం ఎందుకు? వ్రాసుకోవలసినంత భయముంటే దిగడం ఎందుకు?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. పెరుగన్నం వడ్డిస్తున్నారని వంక పెట్టుకొని తప్పించుకున్నాను. కాని ప్రశ్న ఇంటిదాకా వచ్చింది. మన పత్రికకు ఏదైనా వ్రాయమని సంపాదకులు అడుగుతున్నారు గనుక, ఆ సోదరికి అప్పుడు చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా ఈ క్లబ్బుల సంగతి కొంచెం చెప్పాలి. వీపున గాలి సిలిండరు కట్టుకొని, నోట గొట్టం పెట్టుకొని నీటి అడుగున తిరిగే పరికరాన్ని 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు తయారుచేశారు. పదేళ్ళకు, 1953లో, ఈ దేశంలో బ్రిటిష్ సబ్ ఆక్వా క్లబ్ పుట్టింది. దానికి ఊరూరా శాఖలున్నాయి. వారానికొక సాయంత్రం మునిసిపాలిటీ ఈతకొలనులో చేరతారు. తెలిసినవారు తెలియనివారికి నేర్పుతారు. ఎవరికీ జీతం లేదు. మా శాఖలో ప్లంబరు ఉన్నాడు, బడిపంతులమ్మ ఉన్నది, బస్సు డ్రైవరు ఉన్నాడు. రసాయనాల కర్మాగారంలో ఇంజనీరుగా ముప్పై ఏళ్ళు పనిచేసిన నేనూ ఉన్నాను. ఆదివారాలు సముద్రానికో, నీరు నిండిన పాత రాతి క్వారీలకో వెళతాం. అక్కడ ఆ నాటి పనికంతటికీ ఒకరు పెద్దగా ఉండాలి. ఎవరు ఎవరితో దిగాలి, ఎంత లోతుకు, ఎంతసేపు, ఏదైనా జరిగితే ఎవరు ఏం చెయ్యాలి అన్నది ఆయన ముందే ఆలోచించి వ్రాయాలి. ఇంగ్లీషులో దానిని రిస్క్ అసెస్‌మెంట్ అంటారు. కర్మాగారంలో అదే పని చేసినవాణ్ణని మా క్లబ్బువారు ఆ కాగితం బాధ్యత నా నెత్తిన పెట్టారు.

ఇక్కడొక విశేషం ఉంది. ఈ దేశంలో 1974లో వచ్చిన భద్రతా చట్టం పనిచేయించే యజమానికి కట్టుదిట్టమైన బాధ్యతలు పెట్టింది. 1997లో డైవింగు వృత్తిగా చేసేవారి కోసం వేరే నిబంధనలు వచ్చాయి. జీతం లేకుండా క్లబ్బులో ఒకరికొకరు నేర్పుకొనే మాబోటివారికి ఆ డైవింగు నిబంధనలు వర్తించవు. కర్మాగారంలో కాగితం వ్రాయకపోతే ఇనస్పెక్టరు వచ్చి అడుగుతాడు. క్వారీ గట్టున అడిగే ఇనస్పెక్టరు లేడు. సాటి మనిషికి హాని కలగకుండా తగినంత జాగ్రత్త పడాలన్న సామాన్య ధర్మం ఒకటే మిగిలింది. దానిని 1932లో ప్రభువుల సభ న్యాయమూర్తులు ఒక సీసాలో నత్త ఉందన్న చిన్న కేసులో స్థిరపరిచారు. నా చర్య వల్ల ఎవరికి దెబ్బ తగలవచ్చునో వారే నా పొరుగువారని ఆ తీర్పు సారాంశం. అడిగేవాడు లేనిచోట మనిషి ఎందుకు జాగ్రత్తపడాలి అన్నది చట్టం తేల్చే ప్రశ్న కాదు, ధర్మం తేల్చవలసిన ప్రశ్న.

కాగితంలో ఏముంటుందో చెబుతాను. ప్రభుత్వ భద్రతా శాఖవారు దానిని ఐదు మెట్లుగా చెప్పేవారు. కీడు చేయగలది ఏదో గుర్తించు. ఎవరికి, ఎలా హాని కలగవచ్చునో ఆలోచించు. ఎంతవరకు జరగవచ్చునో తూచి, అడ్డుకట్ట వెయ్యి. వ్రాసిపెట్టు. మళ్ళీ మళ్ళీ సరిచూసుకో. చూడడానికి మన అమ్మమ్మలు పొయ్యిమీద నూనె పెట్టినప్పుడు చేసే పనే. నూనె కాగుతున్నదని గుర్తిస్తారు, పసివాడు దోగాడుతున్నాడని చూస్తారు, వాణ్ణి పక్క గదిలోకి పంపి తలుపు వేస్తారు, కాసేపటికి మళ్ళీ తొంగి చూస్తారు. వ్రాయడం ఒక్కటే తక్కువ.

డైవింగులో నూనె మూకుడు నీటి బరువు. పది మీటర్లు దిగితే మనమీద ఒత్తిడి రెండింతలవుతుంది, ఇరవైకి మూడింతలు, ముప్పైకి నాలుగింతలు. ఆ ఒత్తిడిలో ఒక్కొక్క శ్వాసకు అన్నింతల గాలి ఖర్చవుతుంది. పన్నెండు లీటర్ల సిలిండరును 200 బార్‌కు నింపితే అందులో 2,400 లీటర్ల గాలి ఉంటుంది. 50 బార్ ఆపద్ధర్మానికి అట్టిపెట్టాలి గనుక మిగిలేది 1,800 లీటర్లు. గట్టుమీద నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడు ఇరవై మీటర్ల లోతున 60 లీటర్లు పీలుస్తాడు. దిగడం, ఎక్కడం లెక్కించకుండా చూస్తే అతనికి ముప్పై నిమిషాలు చాలుతుంది. అదే మనిషి భయపడితే ఊపిరి రెండింతలవుతుంది, గాలి పదిహేను నిమిషాలే వస్తుంది. చూశారా, సిలిండరు ఒకటే, నీరు ఒకటే. సగం సమయాన్ని భయం తాగేసింది. లెక్కల పుస్తకంలో మనస్సు ఒక అంకెగా కనబడడం నాకు అక్కడే మొదటిసారి తెలిసింది.

పైకి రావడానికీ లెక్క ఉంది. లోతున రక్తంలోకి, కండరాలలోకి చేరిన నత్రజని, తొందరగా పైకి వస్తే సోడాబుడ్డి మూత తీసినట్లు బుడగలు కడుతుంది. కీళ్ళ నొప్పులనుంచి పక్షవాతం దాకా ఏదైనా రావచ్చు. ఎంత లోతునుంచి ఎంత నెమ్మదిగా రావాలో మొదట శాస్త్రీయంగా కట్టి చూపినవాడు జె. ఎస్. హాల్డేన్. బ్రిటిష్ నౌకాదళం కోసం ఆయన, ఆయన సహచరులు 1908లో పట్టికలు ప్రచురించారు. వాటికి ముందు ఒత్తిడి గదిలో మేకలను పెట్టి పరీక్షించారు. తర్వాత ఆ బృందంలోని వారే స్వయంగా దిగి చూశారు. ఈనాడు నా చేతికున్న చిన్న కంప్యూటరు లెక్క ఆ మేకల కుంటికాళ్ళ దగ్గర మొదలైనదే. మన భద్రత అనేది తరచు ఇంకొకరి నొప్పితో వ్రాసిన కాగితం. దానిని చదవకుండా సంతకం పెట్టేవాడు అప్పు ఎగ్గొట్టినవాడితో సమానం.

అయితే కాగితాన్ని మరీ పూజించకూడదు. చాలాచోట్ల ఒక గళ్ళ పట్టిక ఇస్తారు. జరిగే అవకాశానికి ఒకటి నుంచి ఐదు మార్కులు, జరిగితే కలిగే హానికి ఒకటి నుంచి ఐదు మార్కులు, రెంటినీ గుణించమంటారు. వేలు తెగడం తరచు జరుగుతుంది, హాని తక్కువ, కాబట్టి ఐదుసార్లు ఒకటి ఐదు. ప్రాణం పోవడం చాలా అరుదు, హాని అత్యధికం, కాబట్టి ఒకటిసార్లు ఐదు, అదీ ఐదే. లెక్క ప్రకారం తెగిన వేలు, పోయిన ప్రాణం ఒకే గడిలో పక్కపక్కన కూర్చున్నాయి. ఈ గుణకారానికి ఏ తల్లీ ఒప్పుకోదు. ఈ దేశపు న్యాయస్థానం 1949లోనే ఒక బొగ్గుగని కార్మికుని మరణం కేసులో ఇంతకంటే మేలైన తూకం చెప్పింది. ఒక తట్టలో ఆపద బరువు పెట్టు, మరో తట్టలో దానిని తప్పించడానికయ్యే ఖర్చు, కాలం, శ్రమ పెట్టు. రెండవది మొదటిదానికంటే ఎంతో ఎక్కువైతేనే ఊరుకునే హక్కు నీకుంది అన్నారు. కొంచెం ఎక్కువైతే చాలదు, ఎంతో ఎక్కువ కావాలి. క్వారీకి ఆక్సిజన్ పెట్టె మోసుకుపోవడం బరువే. కాని ఆ బరువు ఎదుటి తట్టను లేపేంతది కాదు.

ఈ కాగితాల గురించి మా అమ్మతో ఒకసారి ఫోనులో చెప్పాను. ఆమెకు నచ్చలేదు. "గాలి అయిపోతే, తోడు తప్పిపోతే, మనిషి స్పృహ తప్పితే... ఇవన్నీ బయలుదేరే ముందు కూర్చుని వ్రాస్తావా? నోటివెంట అశుభం రాకూడదు నాయనా. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అన్నది. నేను ఆమెను మూఢురాలని అనుకోలేదు. మన ఇళ్ళలో పెరిగిన ఎవరికైనా ఆ మాట ఎముకల్లో ఉంటుంది. కర్మాగారంలో ఇరవై ఏళ్ళు ఇవే కాగితాలు వ్రాసిన నేను, నా కొడుకు పేరు డైవింగు జట్టులో ఉన్ననాడు "మరణం" అన్న మాట దగ్గర కలం ఆపి, ఆ గడిలో "తీవ్రమైన హాని" అని వ్రాసి సరిపెట్టాను. నా చదువు ఆ నాడు ఏమైందో నాకు తెలియదు.

తర్వాత ఆలోచిస్తే, మన భాషే నా వైపు, అమ్మ వైపు కూడా సాక్ష్యం చెబుతున్నదని తోచింది. ఇంగ్లీషువారు కీడు చేయగల వస్తువును ఒక మాటతో, కీడు జరిగే అవకాశాన్ని మరొక మాటతో, జరిగిపోయిన కీడును మూడవ మాటతో చెబుతారు. మనం మూడింటినీ "ప్రమాదం" అంటాం. మొదట్లో దీనిని మన భాష పేదరికమని అనుకునేవాణ్ణి. కాని సంస్కృతంలో "ప్రమాదం" అన్నదానికి అసలు అర్థం ఆపద కాదు, ఏమరుపాటు. అందుకే దానికి ఎదురుగా మనం "అప్రమత్తంగా ఉండు" అంటాం. "జాగ్రత్త" అన్నా అంతే, మేలుకొని ఉండడం. మహాభారతం ఉద్యోగపర్వంలో సనత్సుజాతుడు నిద్రపట్టని ధృతరాష్ట్రునికి బోధించిన సారం కూడా ఇదే: చావు అంటే ఎక్కడో కాచుకుని ఉన్న పులి కాదు, మనిషి ఏమరుపాటే చావు. బౌద్ధ గ్రంథాలు బుద్ధుని చివరి ఉపదేశంగా చెప్పేదీ ఏమరకుండా ఉండమనే. అంటే మన పెద్దలు ఆపదను నీటిలో చూడలేదు, దిగేవాని మనస్సులో చూశారు. అప్పుడు కాగితం మీద అశుభాన్ని వ్రాయడం అశుభాన్ని పిలవడం కాదు. అది వచ్చే దారిలో దీపం పెట్టుకొని మేలుకొని కూర్చోవడం. తథాస్తు దేవతలు నిజంగా వింటున్నట్లయితే, "గాలి అయిపోతే తోడువాడు తన గాలి ఇస్తాడు" అన్న పూర్తి వాక్యాన్ని విని తథాస్తు అనరా? అమ్మకు ఈ మాట చెప్పాను. కాసేపు ఊరుకొని, "అయితే ఆ రెండో సగం తప్పకుండా వ్రాయి" అన్నది. ఇంతకంటే మంచి సూచన నాకు ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వలేదు.

మన పత్రికల్లో నీట మునిగేవారికొక చక్కని మాట ఉంది, గజఈతగాళ్ళు. కాని ఆ మాట ఎప్పుడు కనిపిస్తుంది? 2019 సెప్టెంబరు 15న వరదలో ఉన్న గోదావరిలో, పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర విహారపు పడవ మునిగినప్పుడు కనిపించింది. ఎన్నో కుటుంబాలు ఆ నాడు తమవారిని పోగొట్టుకున్నాయి. అడుగునుంచి పడవను బయటికి లాగేసరికి అక్టోబరు వచ్చింది. లాగినవారి సాహసానికి ఎవరైనా చెయ్యెత్తి నమస్కరించవలసిందే. అయినా ఈ నాడు ఈ నీటిలో పడవ వదలవచ్చునా అన్న ప్రశ్న రేవులో వేయవలసినది, నది అడుగున కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు సామెతగా తెలుసు, అలవాటుగానూ తెలుసు.

ఇంతవరకు కాగితాన్ని సమర్థించాను. ఇప్పుడు అదే కాగితం నన్ను ఓడించిన సంగతి చెప్పాలి.

నాలుగేళ్ళ క్రితం ఫిబ్రవరిలో ఒక క్వారీకి వెళ్ళాం. నీరు ఐదు డిగ్రీలు. ఆ నాడు పెద్దను నేనే. మా క్లబ్బులో కొత్తగా చేరిన ఒక కుర్రవాడు ఉన్నాడు. మనవాడే, గుంటూరు వైపునుంచి వచ్చి ఇక్కడ ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేస్తున్నాడు. అతన్ని మా ప్లంబరు మిత్రునితో జతచేసి ఇరవై మీటర్లకు పంపాలని వ్రాశాను. కాగితంలో "అలసట, అస్వస్థత: దిగేముందు ప్రతివారినీ అడగాలి" అని ఒక వరుస ఉంది, నేనే వ్రాసింది. అడిగాను. "ఏమయ్యా, బాగున్నావా?" అన్నాను. "బాగున్నానంకుల్" అన్నాడు. టిక్కు పెట్టాను.

వారు దిగిన పది నిమిషాలకు నీటి మీద ఒకచోట బుడగలు ఉడుకుతున్నట్లు లేచాయి. చల్లని నీటిలో ఆయాసంగా గాలి లాగితే రెగ్యులేటరులో మంచు కట్టి, గాలి ఆగకుండా కారిపోవచ్చు. ఆ లోతున అలా కారితే సిలిండరు కొద్ది నిమిషాలలో ఖాళీ. ప్లంబరు తన రెండవ గొట్టాన్ని అతని నోటికి అందించి, భుజం పట్టుకొని పైకి తెచ్చాడు. ఉండవలసినదానికంటే కొంచెం తొందరగానే వచ్చారు. ఆక్సిజన్ ఇచ్చాం, డాక్టరుకు ఫోను చేసి సలహా అడిగాం. దేవుని దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ నా కాగితాన్ని మెచ్చుకున్నారు. ఆక్సిజన్ ఎక్కడుందో, ఎవరికి ఫోను చెయ్యాలో అన్నీ దానిలో ఉన్నాయి మరి.

టీ తాగుతుంటే ఆ అబ్బాయి నా పక్కన కూర్చొని, తల వంచుకొని తెలుగులో చెప్పాడు: "అంకుల్, రాత్రంతా డ్యూటీలో ఉన్నాను. కళ్ళు మూతపడుతున్నాయి. మీరు అడిగినప్పుడు చెబుదామనుకున్నాను. మీరు పెద్దవారు, పొద్దున్నే లేచి కారులో ఎక్కించుకొని తీసుకొచ్చారు. అందరూ సూట్లు వేసుకొని సిద్ధంగా ఉన్నారు. ఎలా కాదనను?"

నాకు టీ గొంతు దిగలేదు. డైవింగులో మొదటి పాఠం ఒకటుంది. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా ఈ నాటికి చాలు అనవచ్చు. నీటి అడుగున బొటనవేలు పైకెత్తితే భేష్ అని అర్థం కాదు, నేను పైకి పోతున్నాను అని. అలా ఎత్తిన వేలిని ఎవరూ ప్రశ్నించరు. అక్కడ బొటనవేలు ఎత్తగల కుర్రవాడు గట్టుమీద నా ముందు నోరెత్తలేకపోయాడు. అతనికి మర్యాద నేర్పి పెంచిన తల్లిదండ్రుల తప్పా? కాదు. తప్పు నాది. ఒకే జవాబు వచ్చేటట్లు అడిగితే అది ప్రశ్న కాదు. "బాగున్నావా?" అని మనం పెళ్ళిళ్ళలో అడుగుతాం, జవాబు కోసం కాదు. నేను అతన్ని అడగలేదు, నా కాగితాన్ని అడిగాను. కాగితం బాగున్నానన్నది.

ఇక్కడే నాకు అసలు నైతిక ప్రశ్న అర్థమైంది. ఈ కాగితం ఎవరికోసం? కుర్రవాని కోసమా, రేపు ఏదైనా జరిగితే "నేను అడిగాను, సంతకముంది" అని చూపించుకోవడానికి నాకోసమా? చూడడానికి రెండు కాగితాలూ ఒకేలా ఉంటాయి, అవే గళ్ళు, అవే టిక్కులు. తేడా వ్రాసినవాని కళ్ళలో ఉంటుంది. ఏమరుపాటు పోగొట్టడానికి పుట్టిన కాగితమే ఏమరుపాటుకు దిండు కావచ్చు.

అప్పటినుంచి ఒక పని చేస్తున్నాను. గట్టుమీద అందరినీ పోగుచేసి, ముందుగా ఈ నాడు దిగకపోవడానికి నాకున్న కారణం చెబుతాను. "మోకాలు నొప్పిగా ఉంది" అనో, "ఇంట్లో మాటా మాటా వచ్చి మనస్సు బాగులేదు" అనో, ఉన్నదే చెబుతాను. తర్వాత ఒక్కొక్కరినీ, "నీకున్న కారణమేమిటి?" అని అడుగుతాను. ఉందా అని కాదు, ఏమిటి అని. ఏడాదికి రెండుమూడుసార్లయినా నేనే సూటు విప్పి గట్టున కూర్చుంటాను. పెద్దవాడు మానుకుంటే చిన్నవాడు మానుకోవడం నామోషీ కాదు. ఈ వరుసకు ఏ గుణకారమూ లేదు, ఇన్స్యూరెన్సువారికి ఇది అక్కరలేదు. అయినా నా కాగితంలో అన్నిటికంటే విలువైన వరుస ఇదేనని నా నమ్మకం.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? అసలు మానేస్తే పోలేదా?" అని ఆ సోదరి అడగవచ్చు. ఈ ప్రశ్నకూ ఇక్కడి న్యాయస్థానాలు బదులు చెప్పవలసి వచ్చింది. చెషైరులో ఒక చెరువులో పద్దెనిమిదేళ్ళ యువకుడు లోతు తక్కువచోట తల ముందుగా దూకి, మెడ విరిగి, కదలలేని స్థితికి వచ్చాడు. హెచ్చరిక బోర్డులున్నాయి, అయినా కౌన్సిలు ఇంకా ఏదైనా చేసి ఉండవలసిందని దావా వచ్చింది. 2003లో ప్రభువుల సభ న్యాయమూర్తులు అది చెల్లదన్నారు. కొందరు తెలిసి చేసిన సాహసం కోసం వేలమంది పిల్లాపాపలతో కూర్చునే ఇసుక ఒడ్డును మూసివెయ్యడం న్యాయం కాదని, పెద్దవాడైన మనిషికి తన సాహసాన్ని తాను ఎంచుకొనే స్వేచ్ఛ ఉండాలని వారి అభిప్రాయం. ఆ యువకుని దురదృష్టానికి గుండె కలుక్కుమంటుంది. అయినా తీర్పులోని సత్యాన్ని కాదనలేను. అన్ని ఒడ్లూ మూసేస్తే మునిగేవారుండరు, ఈదేవారూ ఉండరు. పదిహేను మీటర్ల అడుగున, ఆకుపచ్చని వెలుతురులో, నా శ్వాస చప్పుడు తప్ప ఏమీ వినపడని చోట, ఒక పీత తన ఇంటిముందు కూర్చుని నన్ను చూడడం నేను చూశాను. అది లేకుండా బ్రతకవచ్చు. కాని దానికి విలువ లేదని ఎవరైనా అంటే ఒప్పుకోలేను.

అయితే "నా ప్రాణం, నా ఇష్టం" అన్న మాట మాత్రం చెల్లదు. దీనికి భారతంలోనే ఒక కథ ఉంది. లక్క ఇంటికి పోతున్న ధర్మరాజుకు విదురుడు మర్మభాషలో హెచ్చరిక చెప్పాడు. తర్వాత సొరంగం తవ్వేవాణ్ణి పంపాడు. కీడును గుర్తించారు, తూచారు, అడ్డుకట్ట వేశారు, రాత్రి పగలు మేలుకొని ఉన్నారు. ఏ లోపమూ లేని జాగ్రత్త. కాని ఆ రాత్రి ఆ ఇంట్లో భోజనానికి వచ్చి, మత్తులో నిద్రపోయిన ఒక నిషాదస్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు ఉన్నారు. పాండవులు సొరంగంలోనుంచి క్షేమంగా బయటపడ్డారు, ఆ ఆరుగురు కాలిపోయారు. వారి శరీరాలను చూసే పాండవులు చనిపోయారని లోకం నమ్మింది. చిన్నప్పుడు ఈ కథ విని విదురుని తెలివికి మురిసిపోయాను. ఇప్పుడు నా కాగితంలో రెండవ మెట్టు దగ్గరకు వచ్చినప్పుడల్లా, అదే "ఎవరికి హాని కలగవచ్చును" అన్న చోట, ఆ తల్లి గుర్తుకు వస్తుంది. ఆమె పేరు ఎవరి కాగితంలోనూ లేదు.

నేను దిగితే ప్లంబరు నాతో దిగుతాడు. నాకు గాలి అయిపోతే అతని గాలి సగమవుతుంది. సముద్రంలో నేను దారితప్పితే లైఫ్‌బోటువారు వస్తారు. 1824నుంచి ఉన్న ఆ సంస్థలో పడవ ఎక్కేవారు చాలామంది జీతంలేని స్వచ్ఛంద సేవకులే. భోజనం బల్లమీదనుంచి లేచి తుఫానులోకి వస్తారు. ఇంట్లో ఒక మనిషి గడియారం చూస్తూ కూర్చుంటుంది. ఈ పేర్లన్నీ రెండవ గడిలో వ్రాస్తే తప్ప, మొదటి గడిలో నా స్వేచ్ఛను వ్రాసే అర్హత నాకు లేదు.

ఇది వ్రాస్తూ ఉంటే ఇంకొక కాగితం మనస్సుకు వచ్చింది. ఎవరూ వ్రాయని కాగితం. 1991లో నేను ఈ దేశానికి బయలుదేరినప్పుడు అన్నీ ఆలోచించాను. ఉద్యోగం పోతే ఏం చెయ్యాలి, చలికి ఏం వేసుకోవాలి, తిరుగు ప్రయాణానికి డబ్బు ఎంత దాచాలి, అన్నీ. సొరంగం చక్కగా తవ్వుకున్నాను. "ఎవరికి హాని కలగవచ్చును" అన్న చోట నా పేరే వ్రాసుకున్నాను. ఇంట్లో మిగిలిన ఇద్దరి పేర్లు వ్రాయలేదు. మా నాన్నగారు పోయినప్పుడు నేను విమానంలో ఉన్నాను. అమ్మ ఇప్పటికీ ఒంటరిగా ఆ ఇంట్లోనే ఉంది. ఆమె నన్ను ఆపలేదు. ఆ నాడు "బాగుంటావా అమ్మా?" అని అడిగే ఉంటాను. "మాకేం నాయనా, బాగుంటాం" అనే అని ఉంటుంది. టిక్కు పెట్టుకొని వచ్చేశాను. క్వారీ గట్టున కుర్రవాని జవాబు విన్నప్పుడు గొంతు పట్టుకున్నది ఎందుకో ఆ రాత్రి ఇంటికి వచ్చాక తెలిసింది. రావడం తప్పని నేననడం లేదు. ఆ మాట అంటే మనలో ఎవరూ నిలవలేం. ఐదవ మెట్టు మళ్ళీ మళ్ళీ సరిచూసుకోమంటున్నది గదా. పాత కాగితమైనా తీసి, ఇప్పటికైనా ఆ పేర్లు వ్రాసి, వారికోసం చేయగలిగినది చెయ్యాలంటున్నాను. అమ్మను ఇప్పుడు "బాగున్నావా?" అని అడగడం లేదు. "ఈవేళ నీకు ఏది కష్టమైంది?" అని అడుగుతున్నాను. ఫోనులో మాటలు బాగా పొడుగవుతున్నాయి.

కనుక సోదరీ, మీ ప్రశ్నకు నా జవాబు ఇది. భయముంది, అందుకే వ్రాసుకుంటాం. విలువ ఉంది, అందుకే దిగుతాం. ఈ రెండూ చెప్పి, మన వెనక ఎవరున్నారో వారి పేర్లు కూడా వ్రాసి, ఎదుటివారి కళ్ళలోకి చూసి నిజంగా అడిగినప్పుడే ఆ దిగడం ధర్మమవుతుంది.

చివరగా కార్యవర్గానికి ఒక మనవి. ఈ జూలైలో మన వనభోజనాలు చెరువు ఒడ్డున పెట్టాలని అనుకుంటున్నారు. పులిహోర ఎవరు తేవాలి, చాపలు ఎవరు తేవాలి అని జాబితా తయారైందని విన్నాను. నీటి ఒడ్డున పిల్లలను ఎవరు చూడాలన్న వరుస అందులో లేదు. "అందరం చూస్తాంలే" అంటే ఎవరూ చూడరు. గంటకొకరి చొప్పున పేర్లు వ్రాద్దాం. ఆ గంటలో వారు ముచ్చట్లు పెట్టుకోకూడదు, పేకాడకూడదు. వంతు పూర్తయ్యాక తర్వాతివారి చేతికి ఒక ఎర్ర రుమాలు ఇచ్చి మరీ లేవాలి. మొదటి గంట నా పేరు వ్రాసుకోండి.